తుడవక ముందు చూడాల్సింది

క్లినిక్‌లో నీ పని ఏమిటని ఎవరైనా అడిగితే "తుడవడం" అని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నేను నిజమే చెప్పాను. ఫిల్మ్ నగర్‌లో ఒక పిల్లల డాక్టరు గారి దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా చేశాను. ముక్కులు తుడిచాను, మూతులు తుడిచాను, తూకం మిషన్ తుడిచాను, అప్పుడప్పుడు డాక్టరు గారి కళ్ళజోడు కూడా తుడిచాను. అన్నిటికంటే ఎక్కువ తుడిచింది పసిపిల్లల కళ్ళు.

ఇది రాయడానికి కారణం మా చర్చిలో ఒక అమ్మాయి. నర్సింగ్ పూర్తి చేసి పిల్లల ఆసుపత్రిలో చేరుతూ, "ఆంటీ, మీ అనుభవం మీద ఏదైనా ఒక మాట చెప్పండి" అని అడిగింది. చెప్పులు మెత్తటివి కొనుక్కోమన్నాను. అది మంచి సలహానే, ఇప్పటికీ దాని మీద నిలబడతాను. కానీ ఇంటికొచ్చి కూర్చున్నాక అది ఒక్కటీ సరిపోదనిపించింది. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని నిలబడి రెండు మాటల్లో చెప్పడం నాకు రాదు.

జీతం ఎంత పెరిగింది, సర్టిఫికెట్లు ఏమిచ్చారు అన్నవి ఇందులో లేవు. పుసి గురించి ఉంది.

తయారై వచ్చే పిల్లలు

మా క్లినిక్‌కి ఉదయం పూట కార్లు వచ్చేవి, సాయంత్రం ఆటోలు వచ్చేవి. ఉదయం జూబ్లీ హిల్స్ వాళ్ళు. పిల్లను ఆయా ఎత్తుకుని వచ్చేది, వెనక నాయనమ్మ, ఆవిడ వెనక ఫైలు పట్టుకుని డ్రైవరు, అందరి తరవాత ఫోనులో మాట్లాడుకుంటూ తల్లి. సాయంత్రం రహమత్ నగర్ వాళ్ళు. స్టూడియోల్లో బట్టలు కుట్టేవాళ్ళు, మేకప్ అసిస్టెంట్లు, గుంపులో నిలబడి డాన్సు చేసేవాళ్ళు, వాళ్ళ చంటిపిల్లలు.

ఈ రెండు రకాల వాళ్ళకూ పొంతన కుదిరే విషయం నేను చూసినంతలో ఒక్కటే. డాక్టరు గారికి చూపించే పిల్లను ఎవరూ ఉన్నదున్నట్టు తీసుకురారు. స్నానం చేయిస్తారు, పౌడరు వేస్తారు, కాటుక పెడతారు, బుగ్గన దిష్టిచుక్క పెడతారు. పెళ్ళిచూపులకు తెచ్చినట్టు తెస్తారు. పిల్ల కంట్లో పుసి ఉంటే మెట్ల దగ్గరే చీర కొంగుతో తుడిచేసి, లోపలికి వచ్చి, తళతళలాడే కన్ను చూపించి, "తెగ పుసి కడుతోందండీ" అంటారు.

ఆ కొంగుకు అందనిదేమైనా మూలన మిగిలి ఉంటే అది నేను తీసేసేదాన్ని. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, డాక్టరు గారి గదిలోకి పంపేముందు, కళ్ళు, ముక్కు, చెవుల వెనక శుభ్రం చేసి పంపేదాన్ని. ఎవరూ చెప్పిన పని కాదు, నేనే అలవాటు చేసుకున్నాను. మా సిస్టర్ చేతిలోంచి వచ్చిన పిల్ల కడిగిన ముత్యంలా ఉంటుందని డాక్టరు గారు ఒకసారి ఎవరితోనో అన్నారట. నేను దానికి చాలా ఏళ్ళు పొంగిపోయాను.

తెలిసి ఉండాల్సింది

కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది ముందే చెప్పేస్తాను. ఇందులో ఏదీ నేను సొంతంగా కనిపెట్టింది కాదు.

చంటిపిల్లలకు పుసి కట్టడం మామూలు. కన్నీళ్ళు కంటి మూలనుంచి ముక్కులోకి దిగడానికి సన్నటి గొట్టం ఉంటుంది, కొందరికి అది పుట్టేసరికి పూర్తిగా తెరుచుకోదు. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతాయి. తెల్లగుడ్డు తెల్లగానే ఉండి, పిల్ల హాయిగా పాలు తాగుతూ ఉంటే కంగారు అక్కర్లేదు. చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచిన దూదితో ముక్కు వైపునుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడవాలి. ఆ దూది పారేయాలి. ఇంకో కంటికి ఇంకో దూది. డాక్టరు చూసి చెప్పాక, ముక్కు పక్కన వేలితో కిందికి మెల్లగా నిమరడం నేర్పుతారు. ఏడాది తిరిగేలోపు చాలామందికి దానంతట అదే పోతుంది.

పుట్టిన నెలలోపు బిడ్డకు కన్ను ఎర్రబడి, రెప్ప వాచి, చీము ధారగా కారుతుంటే మాత్రం రేపు అనే మాట లేదు. ఆ పూటే ఆసుపత్రికి పంపాలి.

ఇక కంట్లో వేయకూడనివి. చనుపాలు, ఆముదం, కాటుక, పన్నీరు, కొత్తిమీర నీళ్ళు, నందివర్ధనం పూల రసం, పోయినేడు పక్కింటి పిల్లకు రాసిచ్చిన చుక్కల మందు. ఇవన్నీ వేసిన కళ్ళు నేను చూశాను. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దావిడ, ఇల్లంతా సినిమా మనుషులే, మనవడి కంట్లో రోజూ పన్నీరు పోయించేది. వద్దండీ అంటే, "మా అబ్బాయికి మూడో ఏడు వచ్చేదాకా ఇదే పోశానమ్మా, వాడికేమైంది?" అంది. ఆ అబ్బాయి పక్కనే కూర్చుని ఉన్నాడు, సీసా అడుగంత మందం కళ్ళద్దాలతో.

మా డాక్టరు గారు

మంచి డాక్టరు. చెయ్యి పెడితే ఏడుపు ఆపే పిల్లలుండేవారు. సాయంత్రం వచ్చేవాళ్ళను ఉదయం వచ్చేవాళ్ళకంటే తక్కువగా చూడటం ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు. అయితే ఆయనకు ఒకరు చెప్పడం గిట్టదు.

నేను చేరిన కొత్తలో ఒక పిల్లాడికి ఒంటి మీద పొక్కులు చూసి, అందరి ముందూ, "సర్, అమ్మవారనుకుంటానండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి, "సిస్టర్, మీరు పిల్లాడి సంగతి చెప్పండి. జబ్బు సంగతి నేను చెబుతాను" అన్నారు. అది అమ్మవారే. ఆ విషయం మళ్ళీ మా మధ్య రాలేదు.

ఆనాటి నుంచి తూకం చెప్పాను, జ్వరం చెప్పాను, పాలు తాగుతున్నదీ లేనిదీ చెప్పాను, అంతకుమించి నోరు విప్పలేదు. దాన్ని వినయం అనుకున్నాను. చెప్పడం మానేసిన మనిషి కొన్నాళ్ళకు చూడటమూ మానేస్తుంది. ఎటూ చెప్పేది లేనప్పుడు చూసి ఏంచేయాలని మనసు దానంతట అదే తీరుబడి తీసుకుంటుంది. ఇది తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది.

పెద్ద కళ్ళ పిల్ల

సరిత రహమత్ నగర్‌లో ఉండేది. సినిమాలకు దుస్తులు కుట్టే ఒకరి దగ్గర పని. వాళ్ళ నాన్న యాదగిరి లైట్‌మ్యాన్, సెట్లో దీపాలు మోయడం, ఎత్తడం, కెమెరామెన్ చెప్పినచోట నిలబెట్టడం ఆయన పని. సరిత తొలికాన్పు కూతురు హారిక. నెలన్నర టీకాలకు తీసుకొచ్చారు.

ఆ పిల్ల కళ్ళు ఇప్పటికీ నా కళ్ళముందు ఉన్నాయి. ముఖంలో సగం కళ్ళే. నల్లగుడ్లు ఇంతింత. బయట కూర్చున్న తల్లులందరూ తమ పిల్లల్ని వదిలి ఈ పిల్లను చూశారు. సరిత ముఖం వెలిగిపోయింది. ఎడమ కన్ను ఎప్పుడూ తడిగా ఉంటోందని, నీళ్ళు కారుతున్నాయని చెప్పింది. మామూలుగానే తుడిచి తెచ్చింది. మామూలుగానే నేనూ ఇంకోసారి తుడిచాను. తుడుస్తూ, "కళ్ళంటే ఇవమ్మా, రేపు హీరోయిన్ అయ్యే కళ్ళు. ఇంటికెళ్ళగానే దిష్టి తియ్యి" అన్నాను.

డాక్టరు గారి ముందు పొడి కన్ను పెట్టాను. ఆయన, "నీళ్ళు కారుతున్నాయా? గొట్టం మూసుకుపోయి ఉంటుంది, పోతుంది" అని నిమరడం చూపించారు. టీకా నొప్పికి పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తోంది. కళ్ళు తెరిచేదాకా ఆగుదామని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

వారం తరవాత యాదగిరి వచ్చాడు, పిల్ల లేకుండా ఒక్కడే. సన్నగా, పొడుగ్గా, చేతుల మీద దీపాల వేడికి కాలిన పాత మచ్చలతో ఉండే మనిషి. డాక్టరు గారిని కాదు, నన్నే చూడాలన్నాడు. జరిగిందేమిటంటే, ఒక సినిమాలో బారసాల సీనుకు చంటిపిల్ల కావలసి వచ్చింది. పిల్లల్ని కుదిర్చే అతను సరిత పనిచేసే చోట హారిక ఫోటో చూసి, ఈ కళ్ళే కావాలని పట్టుబట్టాడు. ఇంటిల్లిపాదీ సంబరపడి తీసుకెళ్ళారు. ఆ రోజు అక్కడ లైటు పెట్టింది యాదగిరే. పిల్ల ఒక్క షాటులోనూ కళ్ళు తెరవలేదు. ఉయ్యాల్లో ముఖం గుడ్డలోకి దాచేసుకుంది. చివరికి మేనేజరు విసుక్కుని ఇంకో పిల్లను తెప్పించాడు.

ఆయన ఇంత చెప్పాక నేనన్నది నాకు అక్షరాలా గుర్తుంది. "అంత లైటు ముఖాన కొడితే మీరైనా తెరుస్తారా యాదగిరి గారూ?"

"నేనే పెట్టిన సిస్టరమ్మా," అన్నాడు. "లైటుకు అడ్డం మల్లు గుడ్డ రెండు మడతలేసి పెట్టిన. మా ఇంట్ల బల్బు కన్న తక్కువ వెలుగు. వేరే పోరి మంచిగ చూసింది."

ఇంట్లో కూడా తలుపు తీస్తే చాలు, ముఖం తిప్పేసుకుంటుందన్నాడు. ముక్కు కూడా కారుతోందన్నాడు. నేను జలుబన్నాను. నిమరడం మానొద్దని, ఏడాదిలోపు తగ్గుతుందని ధైర్యం చెప్పి పంపేశాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నేను అప్పటికే తరవాత పిల్ల చెవి వెనక తుడుస్తున్నాను.

థర్మకోల్ మూత

ఇంకో రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం కూతుర్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. షూటింగుకు సెలవు పెట్టి వచ్చానన్నాడు. ఆ రోజుల్లో ఆయన సెలవు పెట్టడమంటే మాటలు కాదు, పిలిచినప్పుడు పోకపోతే తరవాత పిలవరు.

హారికను బల్ల మీద పడుకోబెట్టారు. చెంపంతా తడి. నా చెయ్యి అలవాటు కొద్దీ దూది గిన్నెలోకి పోయింది.

"జర ఆగుండ్రి," అన్నాడు యాదగిరి. "తుడవకుండ్రి. ముందుగాల చూడుండ్రి."

నాతో అలా ఎవరూ అనగా ఎరగను. ఆగాను.

పక్కన టీకా మందులు వచ్చిన థర్మకోల్ పెట్టె ఉంది. దాని మూత ఇమ్మన్నాడు. సరితను కిటికీకి వీపు పెట్టి, పిల్ల ముఖం గదివైపు ఉండేలా ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాడు. తాను ఎదురుగా నిలబడి ఆ తెల్లటి మూతను రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి వచ్చే సాయంత్రపు వెలుగును దాని మీద పట్టి, మెల్లగా పిల్ల ముఖం మీదికి తిప్పాడు. అది దీపం కాదు, ఎండ కూడా కాదు, ఒక తెల్ల అట్ట మీద పడి వచ్చిన వెలుగు. హారిక రెప్పలు బిగించి, ముఖం తల్లి రొమ్ములోకి దాచేసుకుంది. మూత దించాడు. కాసేపటికి కళ్ళు తెరిచింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దాచుకుంది.

పక్క బెంచీ మీద ఇంకో తల్లి దగ్గర ఇంచుమించు అదే వయసు పిల్లాడున్నాడు. ఆవిడను అడిగి వాడి మీద కూడా పట్టాడు. వాడు నోరు తెరుచుకుని ఆ మూతనే చూస్తూ కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న సిస్టరమ్మా. చిన్న పోరగాండ్లు లైటును చూడకుండ ఉండరు. ఎటు జరిపితే అటు తిరుగుతరు. ఇది ఒక్కతే దాంకుంటున్నది."

తరవాత మూతను బాగా దూరం జరిపి, పిల్ల కళ్ళు తెరిచేదాకా ఆగి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"హీరోయిన్‌కు క్లోజప్ పెడితే కెమెరామెన్ ముందు గిదే చూస్తడు. నల్లగుడ్డు మీద లైటు చుక్క పడాలె. మేం చూసేది గా చుక్కనే. ఈ పోరి కుడి కంట్ల చుక్క సాఫ్‌గున్నది. ఎడమ కంట్ల చెదిరింది. పొగ కమ్మినట్టున్నది. మీరు చూడుండ్రి, నాకు తెల్వదు."

చూశాను. ఇరవై ఏళ్ళకు పైగా కళ్ళు తుడుస్తున్న నేను ఆ రోజు ఒక కంట్లోకి చూశాను. కుడి కంట్లో మూత వెలుగు చుక్క అంచులు తెగినట్టు తెల్లగా ఉంది. ఎడమ కంట్లో అది నీళ్ళు తగిలిన సిరాలా అలుక్కుపోయి ఉంది. నల్లగుడ్డు మీద సన్నటి మసక. చెంప మీద కారుతున్నది పుసి కాదు, జిగురు లేదు, పసుపు లేదు, రెప్పలు అంటుకోలేదు. ఉత్త నీళ్ళు. ముక్కు కూడా తడిగా ఉంది. గొట్టం మూసుకుపోతే కన్నీళ్ళు ముక్కులోకి దిగవు కదా. ఇది నాకు నర్సింగులో నేర్పారు. నాకు తెలుసు. తెలిసిన దాన్ని దూదితో తుడిచి బుట్టలో వేసి మూడు వారాలైంది.

పిల్లను ఎత్తుకుని, వరసలో ముందున్న ముగ్గుర్ని దాటి, లోపలికి వెళ్ళాను. జబ్బు పేరు నా నాలుక చివర ఉంది. ఆయన పెన్ను కింద పెట్టడం కూడా గుర్తొచ్చింది. చివరికి నాకు చేతనైన మాటే అన్నాను.

"సర్, ఈ పిల్లను తుడవలేదు. అలాగే చూడండి."

ఆయన నా ముఖం చూశారు. తరవాత పిల్లను చూశారు. గదిలో లైటు తగ్గించమన్నారు. చిన్న టార్చి తీసి పక్కనుంచి వేశారు, సొరుగులోంచి చిన్న స్కేలు తీసి నల్లగుడ్డు పక్కన పెట్టారు. రెండు కళ్ళకూ పెట్టారు.

"మనం చూసి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు సర్."

ఆయనే స్వయంగా ఒక కంటి ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఈ పూటే పంపుతున్నాను, పిల్లల కంటి డాక్టరు ఉండాలి అన్నారు. తరవాత సరితను కూర్చోమని, ఇది గొట్టం సంగతి కాదని, కంటిలోపల నీటి ఒత్తిడి పెరిగిందని, దీన్ని గ్లాకోమా అంటారని, లేత కన్ను కాబట్టి ఆ ఒత్తిడికి సాగిందని, అందుకే కళ్ళు అంత పెద్దగా ఉన్నాయని, ఆపరేషన్ చేయాలని, ఆలస్యమైతే చూపు పోతుందని, ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పారు.

సరిత అంతా విని ఒక్కటే అంది. "అందరు మంచిగున్నయన్నరు సర్."

ఆ గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నేను బల్ల మీద ఏమీ లేని చోట తుడిచాను.

ఆసుపత్రి వరండాలో

రెండు కళ్ళకూ ఆపరేషన్ చేశారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. అంత చిన్న పిల్లకు మత్తు ఇస్తారంటే భయమేసింది, అంతకంటే ఎక్కువగా ఆ కుటుంబం ముందు నిలబడాలంటే భయమేసింది. వరండాలో యాదగిరి పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మొదటి రోజు నేను తుడవకుండా ఉంటే డాక్టరు గారికి ఉత్త నీళ్ళు కనిపించేవని, మీరు ఒంటరిగా వచ్చిన రోజు నేను వినిపించుకోలేదని, ఈ మూడు వారాల తప్పు నాదని చెప్పాను.

ఆయన తన చేతుల మీది మచ్చలు చూసుకున్నాడు.

"మేం గూడ తుడిచే తెచ్చినం సిస్టరమ్మా," అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే రాకపోయేది.

కుడి కన్ను నిలిచింది. ఎడమ కన్ను అప్పటికే దెబ్బతింది, ఎంత చూపు వస్తుందో పెరిగితే గాని చెప్పలేమన్నారు. ఆ తరవాత కొన్నేళ్ళు సరిత పడిన పాట్లు వేరే రాయాలి. చుక్కల మందులు, నెలనెలా పరీక్షలు, బుల్లి కళ్ళజోడు, బలహీనంగా ఉన్న కంటికి పని చెప్పడానికి బాగున్న కంటిని రోజూ కొన్ని గంటలు మూసి ఉంచే పట్టీ. ఆ పట్టీని పిల్ల పీకేయడం, తల్లి మళ్ళీ అతికించడం. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు ఎంత పేరు దక్కాలో, ఆ పట్టీ అతికించిన సరితకూ అంత దక్కాలి.

మా డాక్టరు గారు తప్పు జరిగిందని నాతో ఎప్పుడూ అనలేదు. నాలో ఇప్పటికీ దానికి కొంచెం కోపం ఉంది. కానీ తరవాతి సోమవారం నేను క్లినిక్‌కి వెళ్ళేసరికి నా దూది గిన్నె నా బల్ల మీద లేదు. ఆయన గదిలో, ఆయన టేబుల్ మీద, చేతికందేంత దగ్గరలో ఉంది. ఆ రోజు నుంచి ప్రతి పిల్ల తల్లినీ, "తుడిచి తెచ్చారా? ఎలా ఉండిందో చెప్పండి. వచ్చేటప్పుడు తుడవకండి, ఫోన్లో ఫోటో తీసుకురండి" అని అడిగేవారు. నన్ను కూడా అడిగేవారు. "సిస్టర్, మీకేం కనిపించింది?" అనేవారు. మొదటిసారి అడిగినప్పుడు తూకం చెప్పాను, అంతగా అలవాటు తప్పింది.

టీకా పెట్టె మూత ఒకటి నేను దాచుకున్నాను. ఆ తరవాత మా దగ్గరకొచ్చిన చంటిపిల్లల్లో దాని వెలుగు చూడని పిల్ల లేదు. జూబ్లీ హిల్స్ వాళ్ళు అదేదో కొత్త పరీక్ష అనుకుని, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. పెద్ద కళ్ళున్న పిల్ల వస్తే అందరూ మురిసిపోయేవారు, నేను మాత్రం స్కేలు తీసేదాన్ని. నన్ను మొండిమనిషి అనుకున్నవాళ్ళున్నారు. కళ్ళు పెద్దవిగా ఉండి, నీళ్ళు కారుతూ, వెలుగుకు ముడుచుకుంటుంటే, అవి అందమైన కళ్ళని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ పూటే కంటి డాక్టరుకు చూపించండి.

సరిత గుమ్మం దగ్గర

సరిత ఇప్పుడు ఇంట్లోనే కుడుతోంది. నా జాకెట్లు ఆవిడే కుడుతుంది. మొన్న తెచ్చుకోవడానికి వెళ్ళాను. హారిక గుమ్మంలో కూర్చుని హోంవర్క్ రాస్తోంది, పుస్తకం ముక్కుకు ఆనించి. నాలుగో తరగతి. పెద్ద కళ్ళు, వాటి మీద కళ్ళజోడు. లోపల యాదగిరి మంచం మీద పడుకుని రేడియో వింటున్నాడు, ఇప్పుడు పనికి వెళ్ళడం లేదు.

పిల్ల నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నా కండ్లు మంచిగున్నయని, దిష్టి తియ్యమన్నది మీరేనంట గదా," అంది. "తాత చెప్పిండు."

సరిత మిషన్ ఆపింది. నేను అవునన్నాను. ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. హారిక అంతటితో ఆ సంగతి వదిలేసి, తాను చేయగలిగింది ఒకటి చూపిస్తానంది. కళ్ళజోడు తీసి, కుడి కన్ను అరచేత్తో మూసుకుంది. ఎడమ కంటితో నా వైపు తిరిగింది.

"ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"తెల్ల చీర. మొఖం లేదు."

ఆ మాట ఆమెకు బాధగా లేదు, ఉన్నది చెప్పింది. మూడు వారాలు ముందైతే ఆ కంటికి నా ముఖం కనిపించేదా అని ఎవరినడిగినా చెప్పలేరు. డాక్టర్లను అడిగాను, చెప్పలేమన్నారు. నాకు మాత్రం ప్రతిసారీ కనిపించేదనే అనిపిస్తుంది.

నేను వంగాను. ఒక అడుగు ముందుకు వేసి, "ఇప్పుడో?" అన్నాను. లేదంది. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా గుమ్మంలో ఆమె ముందు కూర్చున్నాను. లేదంది. ముఖం ముందుకు చాపాను, జానెడు దూరం దాకా.

"ఇగో, ఇప్పుడు కనబడుతున్నరు," అంది హారిక. "మీరు ఏడుస్తున్నరు."

తుడుచుకోబోయి ఆగాను. ముందు ఆమె కంట్లోకి చూశాను. వీధి వెలుగు చుక్క ఉంది, కొంచెం చెదిరి.